మాలు (కట్టుబడి)

మాలు అనగా ఇటుకలను, రాళ్ళను ఒకదానితో ఒకటి అతికించి గోడగా నిలబెట్టడానికి వాడే ముద్దవంటి మిశ్రమం. మట్టి, సున్నం, సిమెంటు వంటి ఒక బంధక పదార్థం, ఇసుక వంటి ఒక పూరక పదార్థం, నీరు కలిస్తే మాలు తయారవుతుంది. ఇంజనీరింగు పుస్తకాలలో దీనిని మోర్టారు అని వ్రాస్తారు. కోస్తా ఆంధ్రలో తాపీ మేస్త్రీలు, కూలీలు మాత్రం మాలు అనే అంటారు. మట్టితో చేసినదానికి అడుసు అనీ, గానుగలో నూరిన సున్నపు మాలుకు డంగు సున్నం లేదా గానుగ సున్నం అనీ పేర్లు కలవు. మాలులో కంకర కూడా చేరితే అది కాంక్రీటు అవుతుంది.

మాలు పని అతికించడం మాత్రమే కాదు. ఏ రెండు ఇటుకల తలాలు కచ్చితంగా సమంగా ఉండవు. ఆ ఎగుడుదిగుళ్ళను మాలు నింపి, పై బరువు కింది వరుస అంతటికీ సమానంగా అందేలా చేస్తుంది. సందులను మూసి వాననీటిని, గాలిని, పురుగులను ఆపుతుంది. కనుక గోడ మన్నిక ఇటుకపై ఎంత ఆధారపడుతుందో మాలుపై కూడా అంత ఆధారపడుతుంది. ఈ వ్యాసంలో మాలు రకాలు, కలిపే పద్ధతి, వాడకం వివరించబడినవి. ఉదాహరణలు ఎక్కువగా గుంటూరు జిల్లా కాకుమాను, దాని చుట్టుపక్కల ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు చెందినవి. ఒక పక్క నల్లరేగడి, మరొక పక్క సముద్రతీరపు ఇసుక నేల, మధ్యలో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు ఉన్నందున మాలుకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ కొద్ది దూరంలోనే కనిపిస్తాయి.

చరిత్ర

ఆంధ్రదేశంలో ఇటుక కట్టడాల చరిత్ర బౌద్ధ స్తూపాల నాటిది. రేపల్లెకు సమీపంలోని భట్టిప్రోలు స్తూపం క్రీస్తు పూర్వపు కట్టడం. నేటి ఇటుకలకంటే ఎంతో పెద్ద ఇటుకలతో దానిని నిర్మించారు. ఆ కాలపు స్తూపాలలో ఇటుకల మధ్య ఉన్నది చాలావరకు మట్టి అడుసే. స్తూపం నిండు దిబ్బగా ఉండే కట్టడం కావడం వలన అందులో బరువు నేరుగా కిందికే దిగుతుంది. అటువంటి చోట మట్టి అడుసు శతాబ్దాల పాటు నిలుస్తుంది. స్తూపానికి అసలు నష్టం 19వ శతాబ్దంలో జరిగింది. అప్పటి ప్రభుత్వ పనులకోసం దాని ఇటుకలను, రాళ్ళను తవ్వి తరలించారు. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపి ధాతు పేటికలను వెలికితీశాడు.

6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపం అనే బంధకం తయారీ వివరించబడింది. లేత తుమికి కాయలు, లేత వెలగ కాయలు, బూరుగు పూలు మొదలైనవాటిని నీటిలో వేసి, ఎనిమిదవ వంతు మిగిలేవరకు కాచి, అందులో జిగురు పదార్థాలను కలపాలని అందులో చెప్పబడింది. మొక్కల నుండి తీసిన జిగురు, కషాయాలను కట్టడాలలో వాడే సంప్రదాయం ఎంత పాతదో దీనివలన తెలుస్తుంది. తరువాతి కాలపు సున్నపు మాలులో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలపడం కూడా ఇటువంటిదే.

మధ్యయుగం నుండి 20వ శతాబ్దపు ఆరంభం వరకు పెద్ద కట్టడాలకు సున్నమే ఆధారం. 1591లో కట్టిన చార్మినార్‌లో రాయిని నిలిపినదీ, దానిపై అలంకారంగా మారినదీ సున్నమే. 1852-1855 మధ్య బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట కట్టినప్పుడు, ఆపై డెల్టా కాలువలపై లాకులు, తూములు, వంతెనలు కట్టినప్పుడు మన దేశంలో సిమెంటు పరిశ్రమ లేదు. పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలిసే కొమ్మమూరు కాలువపై ఆ కాలపు పనులు కూడా సున్నంతో చేసినవే.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందాడు. భారతదేశంలో మొదటి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది కాని అది నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో మొదలైన కర్మాగారంతో ఉత్పత్తి స్థిరపడింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నాటికి సిమెంటు మాలు భారీ రాతి కట్టడాలకు కూడా వచ్చింది. 124 మీటర్ల ఎత్తు గల ఆ రాతి ఆనకట్టను యంత్రాలకంటే ఎక్కువగా మనుషుల చేతులే కట్టాయి. రాయి మోసినవారు, మాలు అందించినవారు వేలల్లో ఉన్నారు.

మట్టి అడుసు

బంధకాలన్నింటిలో చౌకైనది మట్టి. అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. కాకుమాను పరిసరాలలోని నల్లరేగడి ప్రత్తికి మంచిది కాని గోడకు చెడ్డది. తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు కుంచించుకుపోయి నెర్రెలు ఇవ్వడం దాని స్వభావం. వేసవిలో ఈ చేలలో పడే పగుళ్ళను చూసినవారికి, అదే మట్టి ఇటుకల మధ్య ఏమి చేస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు. అందువలన ఈ ప్రాంతాలలో గోడలకు పాటిమట్టిని, అనగా పాత ఊరి దిబ్బలలోని మట్టిని, లేదా ఎర్రమట్టిని తెచ్చుకొనేవారు. రేగడే గతి అయినప్పుడు ఇసుక, వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి పగుళ్ళను తగ్గించేవారు.

అడుసును తయారుచేయడానికి మట్టిని గుంటలో పోసి, నీరు పెట్టి, కొన్ని రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కుతారు. గడ్డలు పూర్తిగా కరగడం, గడ్డి కొంత కుళ్ళి జిగురు పట్టడం దీని ఉద్దేశ్యం. తొక్కుడు ఎంత బాగా సాగితే అడుసు అంత సాగుతుంది.

అడుసుకు ప్రధాన శత్రువు నీరు. ఎండిన అడుసు తడిస్తే మళ్ళీ అడుసే అవుతుంది. సున్నం, సిమెంటు రసాయన చర్యతో గట్టిపడతాయి కాబట్టి వాటికి ఈ లోపం లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, తుఫాను కృష్ణా, గుంటూరు జిల్లాల తీర గ్రామాలలో సుమారు పదివేలమంది ప్రాణాలను బలిగొన్నది. మట్టి గోడల ఇళ్ళు అటువంటి నీటి ముందు నిలవలేవు. ఇంటి కప్పుపైకి ఎక్కినవారికి కూడా కింద గోడ కరిగిపోతే రక్షణ ఉండదు. 1990 మే తుఫాను కూడా ఈ తీరాన్నే తాకింది. తీర ప్రాంతాలలో పక్కా ఇళ్ళు, తుఫాను రక్షణ భవనాలు అవసరమనే పట్టుదలకు ఈ అనుభవాలే మూలం. అడుసు గోడను ఉంచుకోవలసినచోట కనీసం నేలనుండి ఒక మీటరు వరకు సిమెంటు లేదా సున్నపు మాలుతో కట్టి, పైన చూరు బాగా ముందుకు వచ్చేలా కప్పు వేయడం మంచిది.

సున్నపు మాలు

సున్నపురాయి రసాయనికంగా కాల్షియం కార్బొనేట్. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాల్చితే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చితే 56 కిలోల సున్నం వస్తుంది. దీనిపై నీరు పోస్తే బుసబుసమని పొంగి, విపరీతమైన వేడి పుట్టి, తడిసున్నంగా మారుతుంది. గోడలో చేరిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే రాయి చుట్టూ తిరిగి మళ్ళీ రాయే అవుతుంది. గోడ లోపలి భాగానికి గాలి చేరడానికి ఏళ్ళు పడుతుంది కనుక మందమైన పాత గోడలలో సున్నం చాలాకాలం పాటు గట్టిపడుతూనే ఉంటుంది.

భారత ప్రమాణం ఐ.ఎస్. 712 కట్టడపు సున్నాలను కొన్ని తరగతులుగా విభజిస్తుంది. వాటిలో రెండింటి తేడా తెలిస్తే సాధారణ పాఠకునికి చాలు. బంకమన్ను కలిసిన రాయినుండి వచ్చే సున్నం నీటిలో కూడా గట్టిపడుతుంది. పునాదులకు, కాలువ పనులకు ఇదే తగినది. స్వచ్ఛమైన రాయినుండి, ఆల్చిప్పలు, నత్తగుల్లలనుండి వచ్చేది గాలి తగిలితేనే గట్టిపడుతుంది. తెల్లగా, మెత్తగా ఉంటుంది కాబట్టి పూతకు, వెల్లకు శ్రేష్ఠం. తీర గ్రామాలలో గుల్లసున్నం వాడుక ఇందువల్లనే. నల్లరేగడి భూములలో దొరికే సున్నపు గుళికలను కాల్చితే వచ్చేది మొదటి రకానికి దగ్గరగా ఉంటుంది. ప్రమాణంలో దీనికి ప్రత్యేకంగా ఒక తరగతి ఉన్నది. నేటి పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీలు అధికం. అందువలన ఆ ఊరికి లైమ్ సిటీ అనే పేరు వచ్చింది.

గాలికి గట్టిపడే సున్నాన్ని నీటిలో కూడా గట్టిపడేలా చేయడానికి పూర్వులు కనుగొన్న ఉపాయం సుర్ఖీ, అనగా కాల్చిన ఇటుకల మెత్తని పొడి. ఇందులోని సిలికా సున్నంతో కలిసి నీటికి కరగని బంధకాన్ని ఏర్పరుస్తుంది. నేడు సిమెంటులో బొగ్గు బూడిద కలపడం వెనుక ఉన్నది ఇదే సూత్రం. సుర్ఖీని మరీ ఎక్కువగా కాలిన ఇటుకలతో చేస్తే ఈ గుణం పోతుంది. మేస్త్రీలు చిటికెన ఇటుకలను సుర్ఖీకి వద్దనడంలో అర్థమున్నది.

సున్నాన్ని, ఇసుకను లేదా సుర్ఖీని కలిపి, గుండ్రటి కాలువలో పోసి, ఎడ్లు తిప్పే బరువైన రాతి చక్రంతో నూరేవారు. ఇదే గానుగ. నూరుడు వలన సున్నం ప్రతి ఇసుక రేణువుకూ పట్టుతుంది. ఉడకని సున్నపు గడ్డలు నలిగిపోతాయి. అవి నలగకుండా గోడలోకి వెళితే తరువాత ఎప్పుడో తడి తగిలి పొంగి, పూతపై బొబ్బలు లేస్తాయి. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపితే మాలు సులువుగా సాగి, పూత నునుపుగా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బెల్లం సున్నానికి మేలు చేస్తుంది కదా అని సిమెంటులో కలపరాదు. చక్కెర చాలా కొద్ది పరిమాణంలో ఉన్నా సిమెంటు గట్టిపడడాన్ని ఆపివేస్తుంది. బెల్లం లేదా పంచదార సంచులు కడిగిన తొట్టిలోని నీటితో మాలు కలిపితే మరునాటికి కూడా అది పచ్చిగానే ఉండవచ్చు.

సిమెంటు మాలు

నేడు ఊళ్ళలో మాలు అంటే సిమెంటు మాలే. సిమెంటు నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది కనుక గాలికోసం ఎదురుచూడదు. వారంలోనే తగినంత బలం వస్తుంది. సిమెంటు, ఇసుకల నిష్పత్తిని ఘనపరిమాణంలో చెబుతారు. 1:6 అనగా ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక.

ఐ.ఎస్. 1905 ప్రకారం 1:4 మాలు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్లు, 1:5 మాలు 5, 1:6 మాలు 3, 1:7 మాలు 1.5, 1:8 మాలు 0.7 న్యూటన్ల నలుగుడు బలాన్ని ఇవ్వవలెను. ఒక్కొక్క పాలు ఇసుక పెరిగేకొద్దీ బలం ఎంత వేగంగా పడిపోతున్నదో గమనించవచ్చు. తొమ్మిది అంగుళాల సాధారణ ఇటుక గోడకు 1:6, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు 1:4, లోపలి పూతకు 1:6, వాన తగిలే బయటి పూతకు, కప్పు అడుగు పూతకు 1:4 లేదా దానికి దగ్గరి పాళ్ళు వాడడం పరిపాటి. సందులు పూడ్చే దర్జు పనికి 1:3 వాడుతారు.

సిమెంటు ఎక్కువ వేస్తే గోడ ఎక్కువ గట్టిదవుతుందని ఇల్లు కట్టుకొనేవారిలో గట్టి నమ్మకం ఉన్నది. ఇది సగమే నిజం. మాలు ఇటుకకంటే కొద్దిగా బలహీనంగా ఉండడమే మంచిది. గోడ కింద నేల కదిలినప్పుడు బలహీనమైన మాలు అనేక సందులలో వెంట్రుకవాసి పగుళ్ళుగా ఆ కదలికను పంచుకుంటుంది. సిమెంటు మితిమీరిన మాలు వంగదు. పగులు ఒక్కచోటే, ఇటుకను సైతం చీల్చుకొని, పై నుండి కిందికి పడుతుంది. సన్న పగులును మళ్ళీ పూయవచ్చు, చీలిన గోడను పూయలేము. కాకుమాను వంటి రేగడి నేలలపై, ఋతువు మారినప్పుడల్లా పునాది కింద మట్టి ఉబ్బి కుంగే చోట, ఈ తేడా చాలా ముఖ్యమైనది. నిజానికి రేగడి నేలలో మొదటి జాగ్రత్త పునాదిలోనే ఉండాలి. మాలు ఆ లోపాన్ని పూడ్చలేదు.

ఈ రెండింటి మధ్య మార్గం సిమెంటు-సున్నం మిశ్రమ మాలు. 1:1:6 (సిమెంటు, సున్నం, ఇసుక), 1:2:9 పాళ్ళు ప్రమాణంలో ఉన్నవి. సిమెంటు త్వరగా బలాన్ని, సున్నం సాగే గుణాన్ని ఇస్తాయి. తాపీకి చక్కగా జారుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది, ఎండాకాలంలో పూత పగలదు. ఇన్ని గుణాలుండి కూడా ఇది మన ప్రాంతంలో దాదాపు కనుమరుగైంది. ఉడికించిన మంచి సున్నం సంచులలో అందుబాటులో లేకపోవడం, ఇంకొక సరుకును కొలిచి కలిపే ఓపిక లేకపోవడం అందుకు కారణాలు.

ఇసుక

మాలులో అన్నింటికంటే ఎక్కువ భాగం ఇసుకదే, అన్నింటికంటే తక్కువ శ్రద్ధ కూడా దానిపైనే. మంచి ఇసుకలో సన్న, మధ్యరకం, కొద్దిగా ముతక రేణువులు కలిసి ఉండాలి. పూతకు జల్లెడ పట్టిన సన్న ఇసుక, కట్టుబడికి కొంచెం ముతక ఇసుక కావాలి. ఐ.ఎస్. 2116 ప్రకారం బంకమన్ను, ఒండ్రు 5 శాతం మించరాదు. గాజు సీసాలో సగం వరకు ఇసుక పోసి, నీరు నింపి, కొద్దిగా ఉప్పు వేసి, బాగా కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే ఒండ్రు పై పొరగా తేరుతుంది. ఆ పొర మందం చూస్తే ఇసుక ఎటువంటిదో అంచనాకు వస్తుంది. పిడికిట పట్టి వదిలినప్పుడు చేతికి మట్టి అంటడం కూడా మేస్త్రీలు చూసే గుర్తు.

బాపట్ల, రేపల్లె తీరంలో ఇసుకకు కొదవ లేదు. కాని సముద్రపు ఇసుక మాలుకు పనికిరాదు. అందులోని ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండి, ఆరినప్పుడల్లా తెల్లని ఉప్పు పొర పైకి వస్తుంది, రంగు పొక్కి రాలుతుంది. గోడలో ఉన్న ఇనుపచువ్వలకు తుప్పు పడుతుంది. ఇంటి ముందు దిబ్బలుగా ఉన్న సరుకును వదిలి కృష్ణ ఇసుకను లారీలలో తెచ్చుకోవడానికి కారణం ఇదే.

నది ఇసుక ఇప్పుడు మాలులో ఖరీదైన భాగాలలో ఒకటి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన ఇసుక కొరత వలన నిర్మాణాలు ఆగి, తాపీ మేస్త్రీలు, రోజుకూలీలు నెలల తరబడి పనులు లేక ఇబ్బంది పడ్డారు. రాతిని పిండి చేసి తయారుచేసే ఇసుక, జనం వాడుకలో రోబో శాండ్, దీనికి ప్రత్యామ్నాయంగా వ్యాపించింది. 2016లో సవరించిన ఐ.ఎస్. 383 దీనిని గుర్తించింది. రేణువులు కోణాలుగా ఉండడంవలన దీనితో మాలు కొంచెం మొరటుగా ఉంటుంది. పూతకు ప్రత్యేకంగా సన్నరకం తీసుకోవాలి. క్వారీ దుమ్మును దీని పేరుతో అమ్మడం వేరే సంగతి. దుమ్ము ఎక్కువైతే పూత పగులుతుంది.

ఇసుక ఉబ్బు

కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ పట్టిన సన్నని నీటిపొర వాటిని ఎడంగా నిలబెట్టడమే దీనికి కారణం. 5-6 శాతం తేమ వద్ద సన్న ఇసుక పరిమాణం 25-30 శాతం వరకు పెరుగుతుంది. పూర్తిగా నీటిలో మునిగితే ఈ ఉబ్బు పోయి, పొడి ఇసుక పరిమాణానికే వస్తుంది.

దీనివలన పాళ్ళు తారుమారవుతాయి. 25 శాతం ఉబ్బిన ఇసుకను ఆరు పెట్టెలు కొలిచి వేస్తే నిజంగా పడినది 4.8 పెట్టెలే. 1:6 అనుకొన్నది 1:5కంటే బలమైన పాళ్ళకు చేరి, సిమెంటు ఎక్కువ ఖర్చవుతుంది. సరైన పాళ్ళకు ఏడున్నర పెట్టెలు వేయాలి. వానాకాలంలో ఒకే గోడకు లెక్కకంటే ఎక్కువ సిమెంటు పట్టిందని యజమాని మేస్త్రీని అనుమానించే సందర్భాలలో కొన్నింటికి కారణం ఈ ఉబ్బే. పరీక్ష సులువు. ఒక పాత్రలో తడి ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు వదులుగా నింపి, ఎత్తు కొలిచి, ఆపై నీటితో ముంచి కలియబెట్టాలి. 16 సెంటీమీటర్లకు దిగితే ఉబ్బు 25 శాతం.

నీరు

త్రాగదగిన నీరు మాలుకు పనికివస్తుందనేది సాధారణ సూత్రం. ఐ.ఎస్. 456 ప్రకారం నీటి పి.హెచ్. విలువ 6కు తగ్గరాదు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇనుము లేనిదానికి 2,000 మిల్లీగ్రాములు మించరాదు. తీరానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉన్నచోట కాలువ నీరో, చెరువు నీరో తెచ్చుకోవడం మేలు. కలపడానికి మంచి నీరు వాడి, తడపడానికి ఉప్పునీరు వాడినా ఫలితం చెడుతుంది. గోడకు రెండూ ఒకటే.

కలపడం

కొలత ముఖ్యం. 50 కిలోల సిమెంటు సంచి పరిమాణం సుమారు 35 లీటర్లు. కనుక 40 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. లోతు గల అడుగులేని పెట్టె ఒకటి చేయించుకొంటే, ఒక సంచికి ఆరు పెట్టెల ఇసుక అంటే సరిగ్గా 1:6 అవుతుంది. గమేళాలతో, పారలతో కొలవడం వాడుకలో ఉన్నది గాని, గమేళా నిండుగా ఒకసారి, కుప్పగా ఒకసారి పడుతుంది. సాయంత్రం పని తొందరలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

నీరు పీల్చని గట్టి నేలపైగాని, ఇనుప రేకుపైగాని ఇసుకను పరచి, దానిపై సిమెంటు చల్లి, రంగు అంతటా ఒకేలా వచ్చేవరకు పొడిగానే కనీసం మూడుసార్లు తిరగవేయాలి. తరువాత మధ్యలో గుంట చేసి కొద్దికొద్దిగా నీరు పోసి కలపాలి. మట్టినేలపై నేరుగా కలిపితే అడుగున మట్టి చేరుతుంది. సరైన మాలు తాపీపై ముద్దగా నిలిచి, ఇటుకపై పరచగానే జారిపోకుండా సాగుతుంది.

సిమెంటుకు నీరు తగిలినప్పటినుండి కాలం లెక్కకు వస్తుంది. సాధారణ సిమెంటు బిగియడం ప్రారంభించే సమయం 30 నిమిషాలకు తగ్గరాదని ప్రమాణం. కలిపిన మాలును అరగంటలో వాడడం ఉత్తమం, ఏమైనా రెండు గంటలు దాటనీయరాదు. భోజన విరామానికి ముందు పెద్ద కుప్ప కలిపి, తిరిగి వచ్చాక గట్టిపడినదానిపై నీరు చల్లి మెత్తబరచడం పనిస్థలాలలో తరచు కనిపించే తప్పు. బిగుసుకొన్న సిమెంటు మళ్ళీ బిగియదు. చూడడానికి మాలులాగే ఉన్నా అది చాలావరకు తడి ఇసుకే. అవసరమైనంత మాత్రమే కలుపుకోవడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

ఎంత మాలు పడుతుంది అనే లెక్కకు, ఒక ఘనమీటరు ఇటుక కట్టుబడికి సుమారు 0.25 ఘనమీటరు మాలు కావాలి. ఒక ఘనమీటరు 1:6 మాలుకు దాదాపు 250 కిలోల సిమెంటు, 1.07 ఘనమీటర్ల ఇసుక పడుతాయి. 1:4కు 380 కిలోలు, 1:3కు 510 కిలోల సిమెంటు కావాలి. ఉదాహరణకు మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గల 23 సెం.మీ. గోడ 2.07 ఘనమీటర్లు. దానికి మాలు సుమారు 0.52 ఘనమీటరు, సిమెంటు 130 కిలోలు, అనగా రెండున్నర సంచులకు కొద్దిగా ఎక్కువ.

కట్టుబడిలో వాడకం

ఇటుకలను వాడేముందు నీటిలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చివేస్తుంది, సిమెంటు చర్యకు నీరు చాలదు, సందు పిండిగా మిగిలిపోతుంది. మాలును వరుస పొడవునా నిండుగా పరచి, ఇటుకను నొక్కి కూర్చోబెట్టి, నిలువు సందులను కూడా నింపాలి. సందు మందం 10 మిల్లీమీటర్లకు మించకుండా చూడాలి. వంకర ఇటుకలను సరిచేయడానికి మందంగా మాలు వేస్తే గోడ బలం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఒక రోజులో 1.5 మీటర్లకంటే ఎత్తు లేపరాదు. కింది వరుసలలోని పచ్చి మాలు పై బరువుకు నలిగి గోడ తూకం తప్పుతుంది. నిలువును తూకం గుండుతో, వరుసను దారం, రసమట్టంతో చూసుకుంటారు. పూత వేయవలసిన గోడకైతే సందులను పచ్చిగా ఉండగానే ఒక సెంటీమీటరు లోతున గీరి వదలాలి. పూతకు అదే పట్టు.

కట్టిన గోడను కనీసం ఏడు రోజులు తడిగా ఉంచాలి. ప్రస్తుతం మార్కెట్టులో ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కాబట్టి దానికి పది నుండి పదునాలుగు రోజులు అవసరం. మే నెలలో ఈ ప్రాంతపు ఎండకు పొద్దున ఒకసారి తడిపి వదిలితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది. గోనెపట్టాలు కప్పి తడపడం మంచి పద్ధతి. నీళ్ళు కొట్టడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టే ఖర్చు తప్పించుకోవడంతోనే ఎన్నో గోడలు బలం కోల్పోతున్నవి.

పాత కట్టడాలు, కొత్త మాలు

2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం దాదాపు అయిదు వందల ఏళ్ళు నిలిచింది. కూలడానికి ముందు దానిలో చీలికలు పెద్దవి కావడం వలన పరిసరాలను ఖాళీ చేయించారు. దాని స్థానంలో నిర్మించిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. 2011 అక్టోబరులో బాపట్ల భావనారాయణస్వామి ఆలయ గోపురం కూడా కూలింది. 2019లో చార్మినార్ మినారునుండి గచ్చు పూత ముక్క ఊడిపడింది.

ప్రతి సంఘటనకూ కారణాలు వేరైనా, సున్నపు మాలుతో కట్టిన ఎత్తైన కట్టడాలకు ఎదురయ్యే ప్రమాదాలు కొన్ని ఉమ్మడిగా ఉన్నవి. సందులలో రావి, మర్రి మొలకలు వేళ్ళూని మాలును చీల్చుతాయి. ఆ చీలికలలో వాననీరు దిగి సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగివేస్తుంది. లోపల రాళ్ళు, ఇటుకలు పట్టులేక మిగులుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. మరమ్మతు పేరుతో చేసే పొరపాటు మరొకటి ఉన్నది. పాత సున్నపు గోడపై గట్టి సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి ఆరే దారి మూసుకుపోతుంది. నీరు లోపలే ఉండి సున్నాన్ని, మెత్తని పాత ఇటుకను తింటుంది. కొన్నాళ్ళకు సిమెంటు పూత పెళ్ళలుగా, పాత ఇటుక ముఖాన్ని కూడా వెంటబెట్టుకొని ఊడుతుంది. అందువలన పురాతన కట్టడాల మరమ్మతులలో సున్నం, ఇసుక, సుర్ఖీ, కరక్కాయ, బెల్లం వంటి పాత సరుకులనే తిరిగి వాడుతారు. గానుగ పట్టడం తెలిసినవారు తగ్గిపోవడం ఇప్పుడు ఈ పనులకు పెద్ద ఆటంకం. ఊరి గుడికి చందాలు వేసుకొని సిమెంటుతో బాగుచేయించే ముందు పురావస్తు శాఖవారిని గాని, సున్నపు పని తెలిసిన మేస్త్రీని గాని సంప్రదించడం మంచిది.

ఇతర రకాలు

బట్టీలు, పొయ్యిల లోపల వేడికి తట్టుకొనే మన్నుతో చేసిన మాలు వాడుతారు. తేలికపాటి కాంక్రీటు దిమ్మెలకు రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూసే సంచి జిగురు మాలు వచ్చింది. పాళ్ళు కలిపి సంచులలో అమ్మే పొడి మాలుకు నీరు కలిపితే చాలు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రం వంటి చోట్లనుండి వచ్చే బూడిదతో చేసిన ఇటుకలు కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో విస్తరించాయి. వీటి ముఖం నునుపుగా ఉండడంవలన మాలు పట్టు కొంత తక్కువ. సందులను నిండుగా నింపడంలో మరింత జాగ్రత్త కావాలి.

కార్మికుల ఆరోగ్యం

తడి సిమెంటు మాలు తీవ్రమైన క్షారం. దాని పి.హెచ్. విలువ 12 దాటుతుంది. రోజంతా వట్టి చేతులతో, వట్టి కాళ్ళతో మాలు కలిపి అందించేవారికి, వీరిలో ఎక్కువమంది స్త్రీలు, వేళ్ళ సందులు, అరికాళ్ళు పాసి పుండ్లు పడతాయి. సిమెంటులో సూక్ష్మంగా ఉండే క్రోమియం వలన కొందరికి మొండి చర్మవ్యాధి వస్తుంది. ఒకసారి పడనిదైతే తరువాత కొద్దిపాటి సిమెంటు తగిలినా తిరగబెడుతుంది. తడిసున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే ఎక్కువ మంచినీటితో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రబ్బరు చేతితొడుగులు, బూట్లు, పని ముగిశాక శుభ్రమైన నీటితో కడుక్కొని కొబ్బరినూనె రాసుకోవడం చౌకైన రక్షణలు. చేతితొడుగులు పెట్టుకొంటే పని సాగదని చాలామంది తీసివేస్తారు. పలుచని, చేతికి సరిపోయే తొడుగులను ఎంచి ఇవ్వవలసిన బాధ్యత పని పెట్టేవారిది. 1996లో వచ్చిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం రక్షణ పరికరాలను ఇవ్వడాన్ని యజమాని విధిగా పేర్కొన్నది. నమోదు చేసుకొన్న మేస్త్రీలకు, కూలీలకు సంక్షేమ మండలి ద్వారా సహాయం పొందే అర్హత ఉంటుంది.